‘చదువుకోమని పంపితే పొగరు నేర్చుకొచ్చావు’ అన్నారు నాన్నగారు

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. నాన్నగారు రొయ్యల చెరువులు చేస్తారు. నేను 2024 అక్టోబరు నుంచి జర్మనీలో నీటి శుద్ధికి సంబంధించిన ఎమ్మెస్ చదువుతున్నాను. వచ్చే ఏప్రిల్ నుంచి ఒక కంపెనీలో ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌కు అవకాశం వచ్చింది. విశ్వవిద్యాలయంలోనే ప్రాజెక్టు చేసినా డిగ్రీకి సరిపోతుంది కానీ, ఇంటర్న్‌షిప్ చేస్తే చాలా నేర్చుకుంటానని నా నమ్మకం. అయితే చదువు ఒక సెమిస్టరు పెరుగుతుంది. నాన్నగారు వద్దంటున్నారు. త్వరగా ముగించి ఉద్యోగంలో చేరమని, ఈలోగా సంబంధాలు చూస్తామని మావయ్యగారు అంటున్నారు. ఇక్కడికి వచ్చాక నేను చాలా మారాను. మొదటి సెమిస్టరులో నా నివేదిక బాగాలేదని ప్రొఫెసరు అందరి ముందు అన్నప్పుడు గదికి వచ్చి ఏడ్చాను. ఇప్పుడైతే ‘ఎక్కడ బాగాలేదు?’ అని అడగగలను. కానీ గత సెప్టెంబరులో ఇంటికి వెళ్లినప్పుడు, చెరువు గట్టు మీద పనివాళ్లుండగా, ‘రీడింగులు తీయకుండా, లెక్క రాయకుండా లక్షలు నీళ్లలో పోస్తున్నారు’ అని నాన్నగారితో అన్నాను. దానికి ఆయన పై మాట అన్నారు. అప్పటి నుంచి ఫోనులో ముక్తసరిగా మాట్లాడుతున్నారు. రాత్రుళ్లు సరిగా నిద్ర పట్టడం లేదు. నేను ఎదిగానా, ఇంటికి దూరమయ్యానా?

సమాధానం: ఇంటర్న్‌షిప్‌కు వెళ్లమనే నేను చెబుతాను. అయితే ‘నేను ఎదుగుతాను’ అన్న కారణం చూపి మీ నాన్నగారిని ఒప్పించబోకండి. ఖర్చు మోస్తున్న మనిషికి ఆ మాట చెవికెక్కదు. ఎక్కకపోవడంలో ఆయన తప్పూ లేదు.

ముందుగా మీలో వచ్చిన మార్పు సంగతి. ‘బాగాలేదు’ అన్న మాట విని ఏడ్చిన అమ్మాయి, అదే మాటకు ‘ఎక్కడ?’ అని అడగగలగడం చిన్న విషయం కాదు. మన దగ్గర తరగతిలో మొదటి ర్యాంకు తెచ్చుకుంటూ వచ్చిన పిల్లలకు తమ పనిని తప్పుపట్టడం, తమను తప్పుపట్టడం ఒకటిగానే వినిపిస్తాయి. ఆ రెంటినీ విడదీసి చూడటం మీకు ఆ దేశపు గాలి నేర్పలేదు, మీ బదులు వెళ్లి మాట్లాడే మనిషి అక్కడ లేకపోవడం నేర్పింది. ఇక్కడ బ్యాంకుకైనా, కళాశాల కార్యాలయానికైనా, చివరికి దంతవైద్యుడి దగ్గరకైనా నాన్నగారో మావయ్యగారో వెంట వచ్చి ఉంటారు. అక్కడ విదేశీయుల కార్యాలయంలో నివాస అనుమతి పొడిగింపుకు మీరే కాగితాలు పట్టుకుని నిలబడ్డారు, తప్పు పోతే మీరే మళ్లీ వెళ్లారు.

ఇది విదేశాల్లో చదువుకున్నవారికే దక్కే భాగ్యమని మాత్రం అనుకోకండి. రాజోలు, నరసాపురం ప్రాంతాల నుంచి ఎందరో ఆడవాళ్లు దశాబ్దాలుగా కువైట్‌కు, దోహాకు ఇంటిపనికి వెళ్లి, భాష రాని చోట నెగ్గుకొచ్చి, పంపిన డబ్బుతో ఇక్కడ ఇళ్లు కట్టించి పిల్లలను చదివించారు. వాళ్లు తిరిగి వచ్చాక ఇంట్లో ఖర్చు గురించి నోరు విప్పితే ‘నోరు పెరిగింది’ అన్నారే తప్ప దాన్ని వ్యక్తిత్వ వికాసమని ఎవరూ పిలవలేదు. మీ ఇంట్లో మీరు విన్న మాట ఆ పాత మాటే. అందువల్ల దాన్ని మీ ఒక్కరి మీద వచ్చిన తీర్పుగా తీసుకోనక్కరలేదు.

అయితే చెరువు గట్టు మీద జరిగిన దానికి వద్దాం. మీరు అన్నదాంట్లో విషయం ఉంది. నీటిలో ఆక్సిజన్, ఉప్పు శాతం, మేత లెక్క రోజూ రాసుకునే రైతుకు నష్టం వచ్చినా ఎక్కడ వచ్చిందో తెలుస్తుంది. కానీ మేత వేసిన రెండు గంటలకు చెక్ ట్రే పైకి లాగి, మిగిలిన మేత ఎంతో చూసి, ఒక రొయ్యను వెలుతురుకు ఎత్తి పేగు నిండిందో లేదో పరీక్షించి, ఆ పూట మేత తగ్గించాలో పెంచాలో తేల్చుకునే మనిషిని ‘గుడ్డిగా చేస్తున్నారు’ అన్న అర్థం వచ్చేలా, ఆయన దగ్గర కూలి తీసుకునేవాళ్ల ముందు అన్నారు. మొదటి సెమిస్టరులో అందరి ముందు ప్రొఫెసరు అన్న మాట మిమ్మల్ని ఎంత కోసిందో మీకు గుర్తుంది. నాన్నగారికి గదికి వెళ్లి ఏడ్చే వీలు కూడా లేదు. పైగా మీరు వచ్చిన కాలం చూడండి: 2025 ఆగస్టు చివర అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది, మన చెరువుల్లో పెంచే వనామీ రకం రొయ్యకు అతిపెద్ద కొనుగోలుదారు ఆ దేశమే. పట్టుబడి నాటికి కౌంటుకు, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయన్న లెక్కకు, ఏ ధర పలుకుతుందో తెలియక, తెల్లవారుజామున నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగితే ఏమవుతుందోనన్న బెంగతో పడుకునే మనిషి, ‘ఇంకో ఆరు నెలలు’ అన్న మాటను ఇంకో ఆరు నెలల అప్పుగానే వింటాడు.

ఇంకొక సంగతి కొంచెం కటువుగా చెప్పాలి. మీ ఉత్తరమంతటిలో మీ ఖర్చు ఊసు లేదు. మీరు వెళ్లిన నాటికి వీసా కోసం బ్లాక్డ్ ఖాతాలో, అంటే ఏడాది ఖర్చు ముందే జమచేసి నెలనెలా కొంతే తీసుకోగలిగే ఖాతాలో, చూపించాల్సింది 11,904 యూరోలు. అందులోంచి నెలకు 992 యూరోలు వాడుకోవచ్చు. ఆ సొమ్ము అద్దెకు ఎంత పోయింది, ఆరోగ్య బీమాకు ఎంత పోయింది, పార్ట్‌టైమ్ పనిలో ఎంత వచ్చింది అన్నది మీ నాన్నగారికి ఒక్కసారైనా రాసి చూపించారా? చూపించకపోయి ఉంటే, లెక్క రాయడం లేదని ఆయనను అన్న మీరు ముందు మీ లెక్క పంపండి. ఒక కాగితం మీద తెలుగులో, రూపాయల్లో రాసి, ఇంటర్న్‌షిప్ ఆరు నెలల్లో వచ్చేదెంత, అయ్యేదెంత, ఇంటి నుంచి అడిగేదెంత అన్నవి కూడా చేర్చండి. అడిగేది ఏమీ లేకపోతే ఆ మాట మొదటి వరుసలోనే రాయండి.

ఆ లెక్క వేయడానికి ముందు ఒక విషయం తేల్చుకోవాలి. మీ కోర్సు నియమాల్లో ఈ ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి భాగంగా పరిగణిస్తారా, లేక మీరు ఐచ్ఛికంగా చేస్తున్నట్టా అన్నది విశ్వవిద్యాలయం నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. విదేశీ విద్యార్థులకు అక్కడ ఏడాదికి 140 పూర్తి దినాలు లేదా 280 అర్ధదినాలు పనిచేసే వీలుంది. తప్పనిసరి ఇంటర్న్‌షిప్ ఆ లెక్కలోకి రాదు, కానీ దానికి కనీస వేతనం ఇవ్వాలన్న నియమం వర్తించదు. ఐచ్ఛికమైతే, మూడు నెలలు మించినప్పుడు కనీస వేతనం ఇవ్వాలి, అయితే వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు నెలలంటే దాదాపు 130 రోజులు అందులోనే ఖర్చయిపోయి, ఆ ఏడాది పార్ట్‌టైమ్ పనికి పెద్దగా చోటు మిగలదు. ఏది మీకు వర్తిస్తుందో దాన్ని బట్టి మీ కాగితం మీది అంకెలు మొత్తం మారిపోతాయి. విద్యారుణం ఉన్నట్లయితే చదువు పెరుగుతున్న సంగతి బ్యాంకుకు ముందే తెలియజేసి, వాయిదాల ప్రారంభాన్ని జరపమని కోరాలి. నివాస అనుమతి గడువునూ చూసుకోవాలి. చదువు ముగిశాక ఉద్యోగం వెతుక్కోవడానికి అక్కడ 18 నెలల వరకు అనుమతి ఇస్తారు. ఆ వెతుకులాటలో కంపెనీలో పనిచేసిన అనుభవం ఉన్నవారి మాటకు విలువ ఎక్కువ. మావయ్యగారు అడుగుతున్న ‘త్వరగా ఉద్యోగం’ అన్నదానికి ఈ ఆరు నెలలు అడ్డం కావు. మీ నాన్నగారి ముందు నిలిచే వాదన ఇది.

నాన్నగారితో మాట్లాడటం మాత్రం లెక్కతో మొదలుపెట్టకండి. పనివాళ్ల ముందు అలా అనడం తప్పని చెప్పి, అక్కడితో ఆగండి. ‘కానీ నేను చెప్పింది నిజమే’ అన్న తోక తగిలించకండి. కొన్ని రోజులు పోయాక కాగితం పంపండి. రీడింగుల సంగతి ఆయనే ఎత్తితే అప్పుడు చెబుదురు గాని.

నిద్ర పట్టకపోవడాన్ని చలికాలం మీదకు నెట్టేయకండి. అక్కడి విద్యార్థి సేవా సంస్థలు, ష్టుడీరెండెన్‌వెర్క్ అంటారు, మానసిక సలహా సేవలు నడుపుతాయి. ఈ వారమే సమయం అడగండి. వైద్యుడి దగ్గరకు వెళ్లవలసి వస్తే మీరు కడుతున్న ఆరోగ్య బీమా అందుకే ఉంది.

ఇక సంబంధాల మాట. మావయ్యగారితో వాదించనక్కరలేదు. చదువు ఏ నెలలో ముగుస్తుందో, ఆ తర్వాత ఎంత కాలం ఆగమంటున్నారో స్పష్టంగా చెప్పి, అంతవరకు ఎవరికీ మాట ఇవ్వవద్దని మీరే అడగండి. అమ్మ చేత చెప్పించకండి. సెప్టెంబరు నుంచి తండ్రీ కూతుళ్ల మధ్య కబుర్లు మోస్తున్నది బహుశా ఆవిడే.