చాపరాయికి స్కూటర్ సరే, ఘాట్‌కి వద్దు

ప్రశ్న: అక్కా, నేనూ మా చెల్లీ అక్టోబరులో విశాఖలో స్కూటర్ అద్దెకు తీసుకుని అరకు వెళ్ళాలనుకుంటున్నాం. కటికి, చాపరాయి జలపాతాలు చూసి మర్నాడు తిరిగొచ్చేస్తాం. ఇద్దరికీ గేర్ల బండి రాదు. అమ్మకేమో ఒకటే టెన్షన్. వెళ్ళమంటారా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: తప్పకుండా వెళ్ళండమ్మా. వానలు తగ్గి గెడ్డలు నిండుగా పారే రోజులవి. కానీ స్కూటర్ మీద ఘాట్ రోడ్డు మాత్రం వద్దు. ఎక్కడం కాదు, దిగడమే నా భయం.

నేనూ మా తమ్ముడూ ఒకసారి మీలాగే అద్దె స్కూటర్ మీద వెళ్ళాం. తీసుకునేటప్పుడు బండి మీద గీతలు చూసుకున్నాం గానీ బ్రేకుల సంగతి పట్టించుకోలేదు. తిరుగు ప్రయాణంలో గాలికొండ దాటి అనంతగిరి వైపు దిగుతుంటే ఏదో కాలుతున్న వాసన. ముందు పోతున్న లారీది అనుకున్నాను. ఇంకో రెండు మలుపులు తిరిగేసరికి బ్రేకు లివరు మెత్తగా వెళ్ళి హ్యాండిల్‌కి ఆనుకుపోయింది. బండి ఆగదే! తమ్ముడు కొండ వైపు మట్టిలోకి తిప్పేశాడు, నేను రెండు కాళ్ళూ నేలకి ఆన్చాను. ఎలాగో ఆగాం. సీసాలోంచి కాసిని నీళ్ళు వెనక చక్రం మధ్య పడితే చుయ్‌మన్నాయి. సీతాఫలాలు అమ్ముకునే ఒకావిడ పక్కన అరగంట కూర్చున్నా నా చేతుల వణుకు తగ్గలేదు.

గేర్ల బండిని రెండో గేరులో దించితే ఇంజనే పట్టి ఉంచుతుంది. స్కూటర్‌కి ఆ సాయం చాలా తక్కువ, భారమంతా బ్రేకుల మీదే. ఇద్దరి బరువుతో కిలోమీటర్ల కొద్దీ నొక్కుతూ దిగితే వేడెక్కి పట్టు వదిలేస్తాయి.

అందుకని విశాఖలో పొద్దున్నే కిరండూల్ రైలెక్కండి. బొర్రా గుహల దగ్గర దిగితే కటికికి జీపులుంటాయి. ఆ రాళ్ళదారి జీపుకే కష్టం, చివర కొంత నడవాలి. జలపాతం దగ్గర బొంగు చికెన్ వేడివేడిగా దొరికితే వదలకండి. సాయంత్రానికి అరకు చేరి, మర్నాడు అక్కడే స్కూటర్ అద్దెకు తీసుకోండి. డుంబ్రిగూడ వైపు పొలాల మధ్య దారి, చాపరాయికి పదిహేను కిలోమీటర్లు కూడా ఉండదు. మీ ఇద్దరికీ అదే హాయి.

బండి ఇచ్చేవాళ్ళ ముందే కాస్త దూరం నడిపి, రెండు బ్రేకులూ విడివిడిగా నొక్కి చూడండి. టైర్లు అరిగుంటే మొహమాటపడకుండా వేరేది అడగండి. అద్దె బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుండాలి. హెల్మెట్లు రెండూ తీసుకోండి, వెనక కూర్చునే చెల్లికి కూడా.

చాపరాయి దగ్గర నీళ్ళు ఎత్తు నుంచి దూకవు, పరుపు బండల మీద జారుతూ పోతాయి. చూడ్డానికి పిల్లల ఆటలా ఉంటుంది గానీ నాచు పట్టిన చోట కాలు నిలవదు. పైన వాన పడితే ఇక్కడ ఎండగా ఉన్నా ప్రవాహం పెరుగుతుంది. నీళ్ళు ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా ఫొటో సగంలో ఉన్నా సరే, గట్టుకు వచ్చేయండి.

దారిలో కొన్నిచోట్ల సిగ్నల్ ఉండదు. అరకులో బయల్దేరే ముందే అమ్మకి ఫోన్ చేసి, తిరిగి ఎన్నింటికి చేస్తారో చెప్పండి.