భయభక్తులు అంటాం గానీ, మా నాయనమ్మకు అందులో మొదటిది లేదు

"భక్తి అంటే అసలు అర్థం ఏమిటి? భయభక్తులు అని ఎందుకు కలిపి అంటారు?" అని అడిగారు. కలిపింది బడిపంతుళ్లేనని నా గట్టి నమ్మకం. మా మాస్టారు బెత్తం ఊపుతూ "పెద్దల దగ్గర భయభక్తులతో మెలగాలి" అనేవారు. బెత్తం చూస్తే భయమొక్కటే వచ్చేది. రెండోది మొహమాటానికి తగిలించుకునేవాళ్లం.

నాకు భక్తి అంటే మా నాయనమ్మ. ఒక ఎండాకాలం డాబా మీద పాత పంచె పరిచి బూడిదగుమ్మడి వడియాలు పెట్టింది. మధ్యాహ్నం మూడింటికి ఉన్నట్టుండి వాన. పిల్లలం పరుగెత్తి పంచె నాలుగు చెంగులూ పట్టుకుని కిందికి దించేసరికి అంతా ఒకటే ముద్ద. నాయనమ్మ పిండి అంటిన చేతులతోనే దేవుడి గూటి దగ్గరికెళ్లి, రాముడి పటానికి వేలు చూపిస్తూ, "పొద్దున్నేగా బెల్లంముక్క పెట్టాను? ఒక్కపూట ఆగితే నీ సొమ్మేం పోయింది?" అని నిలదీసింది.

ఆ సాయంత్రం దీపం పెట్టింది గానీ నైవేద్యం పెట్టలేదు. రాత్రి అందరం పడుకున్నాక వంటింట్లో డబ్బా మూత చప్పుడైంది. "పస్తు పడుకోబెట్టి నేనెలా నిద్రపోతానూ" అని గొణుక్కుంటూ బెల్లంముక్క పట్టుకెళ్తోంది.

సంస్కృతంలో భక్తి, భాగం, విభక్తి అన్నీ ఒకే ధాతువు నుంచి వచ్చాయి. పంచుకోవడం అనే అర్థం అందులోనే ఉంది. భక్తం అంటే అన్నం కూడా. హిందీవాళ్ల భాత్ అదే. ఇవేవీ తెలియకుండానే మా నాయనమ్మ డబ్బా మూత తీసింది.

తెలుగులో ఇంకో తమాషా ఉంది. నాన్నగారు "వచ్చారు", రాముడు మాత్రం "వచ్చాడు". ఎమ్మార్వో ముందు చేతులు కట్టుకుని "మీరు" అనేవాడు కూడా గుళ్లో "నువ్వే దిక్కు" అంటాడు. గోల్కొండ జైల్లో రామదాసు అయితే, సీతమ్మ చింతాకు పతకానికి పదివేల వరహాలయ్యాయని లెక్క చెప్పి మరీ రాముణ్ణి తిట్టాడు. తర్వాత, దెబ్బలకు తాళలేక తిట్టానని సంజాయిషీ ఇచ్చుకున్నాడనుకోండి. భయపడేవాడు దేవుడికి బిల్లు చూపిస్తాడా?

భయం సంగతంటారా, అది పోస్టుకార్డులతో వచ్చింది. "ఇది చదివి పదకొండుమందికి రాయండి, లేకపోతే నష్టం" అని చిన్నప్పుడు కార్డులు వచ్చేవి. మా అత్తయ్య వణికిపోతూ కూర్చుని రాసేది. ఇప్పుడు అదే వాట్సాప్‌లో, గులాబీపూల బొమ్మలతో వస్తోంది. పంపేవాళ్లు బాగా చదువుకున్నవాళ్లే, అదీ నా బాధ.

మొన్న ఒకటి వచ్చింది, గంటలో పంపకపోతే అరిష్టమట. డిలీట్ చేశాను. ఇప్పటిదాకా ఏమీ కాలేదు. బాత్రూంలో కుళాయి మాత్రం కారుతోంది, అది అంతకుముందు నుంచీ ఉన్నదే.