పాత లారీకి కొత్త టెంపరేచర్ మీటర్: సెన్సర్ ఎక్కడ బిగించాలి?

పాత లారీలో కంపెనీ మీటర్ పోయింది, బయట కొన్న మీటర్‌కి సెన్సర్ ఎక్కడ పెట్టాలని అడిగారు. థర్మోస్టాట్ (నీళ్లు వేడెక్కాక రేడియేటర్‌కి వదిలే వాల్వు) దగ్గర, ఇంజన్ వైపునే పెట్టండి. రేడియేటర్ కింది పైపులో పెడితే చల్లబడి వచ్చిన నీళ్ల వేడే చూపిస్తుంది, ఇంజన్ సంగతి తెలియదు.

మీటర్, సెన్సర్ ఒకే సెట్‌వి తీసుకోండి. పాత సెన్సర్‌కి కొత్త మీటర్ కలిపితే ముల్లు తప్పు చూపిస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లో కొనేటప్పుడు బ్యాటరీ ఎన్ని వోల్టులో ముందే చెప్పండి. పెద్ద లారీలకు సాధారణంగా 24 వోల్టులు, 12 వోల్టుల మీటర్ పెడితే కాలిపోవచ్చు.

చాలామంది పొరపాటు చేసేది టేపు దగ్గర. ఒకే వైరున్న సెన్సర్‌కి ఎర్త్ దాన్ని బిగించే మరల (థ్రెడ్‌ల) ద్వారానే అందుతుంది. నీళ్లు కారకుండా వాటి మీద తెల్ల టెఫ్లాన్ టేపు మందంగా చుట్టారో, ఆ దారి తెగిపోయి, ఇంజన్ ఉడికిపోతున్నా ముల్లు చల్లగా ఉన్నట్టే పడుకుంటుంది. ఎండాకాలంలో లోడు మీద వెళ్లే బండికి ఇది హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ హెడ్ కింద ఉండే సీలు) పోయేదాకా తెస్తుంది. సెన్సర్‌తో రాగి వాషర్ ఇస్తే అదే చాలు, టేపు వద్దు.

పని మాత్రం ఇంజన్ పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టండి. వేడి మీద రేడియేటర్ మూత తిప్పితే మరిగే నీళ్లు ముఖాన కొడతాయి. చివర్లో కూలెంట్ నింపి, లోపలి గాలి బుడగలు పోయేదాకా ఇంజన్ తిప్పండి. సెన్సర్ చుట్టూ గాలి నిలిస్తే రీడింగ్ నమ్మలేం.