టీ మానేశాను, విసుగు పెరిగింది

ప్రశ్న: శ్రమదినాల్లో (ఈస్టర్‌కు ముందు వచ్చే 40 రోజుల ఉపవాస కాలంలో) టీ మానేశానండి. ఆ వేళకు ఫోన్ చూస్తూ గడిపేస్తున్నా, ఇంట్లో అందరిమీదా విసుక్కుంటున్నా. యేసు చెప్పిన, నన్ను నేను ఉపేక్షించుకోవడం (నా ఇష్టాన్ని పక్కన పెట్టుకోవడం) ఇదేనా?

జవాబు: టీ ఒక్కసారిగా మానితే కొన్నాళ్లు తలనొప్పి, చిరాకు సహజం. రోజుకో కప్పు చొప్పున తగ్గించుకోవాల్సింది. అసలు లోపం మాత్రం ఆ ఖాళీలోకి ప్రభువు బదులు ఫోన్ రావడం. తీగె ఫలించేది కత్తిరించినంత మాత్రాన కాదు, ద్రాక్షావల్లిలో, అంటే యేసులో, నిలిచి ఉన్నందుకు. టీ తాగే ఆ పావుగంట బైబిల్లో యోహాను సువార్త 15:1-11 మెల్లగా చదివి, మౌనంగా ఆయన సన్నిధిలో కూర్చోండి. మిగిలిన టీ డబ్బు ఆకలిగొన్నవారికివ్వండి. యెషయా 58 కోరే ఉపవాసం అదే. తన్ను తాను ఉపేక్షించుకొని సిలువ ఎత్తుకోవాలని యేసు చెప్పిన చోట ‘ప్రతిదినము’ అన్నమాట లూకా 9:23లోనే ఉంది, మత్తయి, మార్కుల్లో లేదు. కాబట్టి ఉపేక్షించుకోవడం ఈ 40 రోజులతో తీరిపోదు. ఈ రాత్రి ఇంట్లోవాళ్లను ముందుగా మీరే క్షమాపణ అడగండి. షుగర్ మందులు వాడేవారు ఉపవాసం కోసం పూట భోజనం మానేముందు డాక్టర్‌ని అడగాలి.