సగం సామర్థ్యం దాటినా ఇంకా బొగ్గు ప్లాంట్లు ఎందుకు?

దేశంలో స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో సగం వాటా సోలార్, గాలి, జల విద్యుత్ లాంటి బొగ్గు, గ్యాస్ కాని వాటిదేనని 2025లో కేంద్రం ప్రకటించింది కదా, మరి 2032కల్లా ఇంకో 80 గిగావాట్ల బొగ్గు ప్లాంట్లు ఎందుకు అని అడిగారు. కర్నూలు వైపు 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో చాలా ఏళ్లు షిఫ్ట్ ఆపరేటర్‌గా చేశాను, అక్కడ చూసినదాన్ని బట్టి చెప్తాను.

సామర్థ్యం వేరు, చేతికొచ్చే యూనిట్లు వేరు. సోలార్‌కి రాత్రి సున్నా. అందుకే తయారయ్యే కరెంటులో ఇప్పటికీ సుమారు 70 శాతం బొగ్గుదే. గంటగంటకూ ఫీడర్ల (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు, పొలాలకు వెళ్లే లైన్ల) ఆంపియర్లు లాగ్‌బుక్‌లో రాసేవాళ్లం. ఊళ్ల ఫీడర్లలో లోడ్ ఎక్కేది సాయంత్రం ఆరున్నర దాటాక, అంటే మా పక్కనే ఉన్న 1000 మెగావాట్ల సోలార్ పార్కులో ఉత్పత్తి ఆగిపోయే టైముకి. బొగ్గు ప్లాంటు బాయిలర్‌ని పొద్దున ఆర్పి సాయంత్రం వెలిగించడం కుదరదు, కాబట్టి మధ్యాహ్నం సోలార్ పొంగిపొర్లుతున్నా బొగ్గు యూనిట్లని వాటి సామర్థ్యంలో 55 శాతం దగ్గరైనా నడుపుతూ ఉండాలి.

నాకు బాగా నచ్చింది, ఎవరూ పెద్దగా మాట్లాడనిది, ఆంధ్రాలో వ్యవసాయ కరెంటుని పగటిపూటే 9 గంటలు ఇచ్చేలా మార్చడం. అంతకుముందు రాత్రి షిఫ్టులో ఫీడర్‌కి కరెంటు ఇవ్వగానే ఆటో స్టార్టర్లు (కరెంటు రాగానే మోటారుని వాటంతటవే ఆన్ చేసేవి) పెట్టిన మోటార్లన్నీ ఒక్కసారిగా లేచేవి, బ్రేకర్ ట్రిప్ అయ్యేది, ఆపైన చీకట్లో మోటారు దగ్గరికెళ్లిన రైతుకి పాముల భయం, షాక్ భయం. ఇప్పుడు ఆ లోడంతా ఎండ ఉన్నప్పుడే పోతోంది. బ్యాటరీ లేకుండా జరిగిన పని ఇది!

ఇళ్ల లోడ్‌ని మాత్రం అలా జరపలేం, దానికి స్టోరేజీ కావాలి. పాణ్యం దగ్గర పిన్నాపురంలో 1680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ కట్టింది అందుకే: పగలు నీళ్లు పైకి తోడి, సాయంత్రం కిందికి వదిలి కరెంటు తీస్తారు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ప్రణాళిక ప్రకారం 2031-32కి ఇలాంటివీ బ్యాటరీలూ కలిపి దాదాపు 74 గిగావాట్లు కావాలి. 2030కి బొగ్గు, గ్యాస్ కాని సామర్థ్యం 500 గిగావాట్లకు చేరాలన్న లక్ష్యం గురించి అందరూ మాట్లాడతారు గానీ, నన్నడిగితే అసలు చూడాల్సింది ఈ 74నే. అది వెనకబడితే డిస్కంలు (కరెంటు పంపిణీ సంస్థలు) సాయంత్రం కోసం కొత్త బొగ్గు ప్లాంట్లతో 25 ఏళ్ల ఒప్పందాలు రాసుకుంటాయి, ఆ కరెంటు వాడినా వాడకపోయినా ఫిక్స్‌డ్ ఛార్జీలు కట్టాల్సిందే, అవి వచ్చి పడేది మన బిల్లులోనే.