పిలుపు ఇద్దరికి వచ్చింది, పని ఒక్కరికే దొరికింది

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. నాకు 62 ఏళ్ళు, మా సారుకు 66. ఆయన హైస్కూల్లో లెక్కల టీచర్‌గా రిటైరయ్యారు. నేను ఇంట్లో జాకెట్లు కుట్టేదాన్ని, సంఘంలో స్త్రీల సమాజం చూసుకునేదాన్ని. పిల్లల పెళ్ళిళ్ళయ్యాక 18 నెలల మిషనరీ సేవకని టాంజానియాలోని దొడోమాకు వచ్చాం. ఏడు నెలలు గడిచాయి. ఖర్చంతా మా పెన్షన్‌లోంచే. సారు పొద్దున బడికి పోతే సాయంత్రం వస్తారు, చాలా సంతోషంగా ఉన్నారు. నాకు భాష రాదు. వంట, బట్టలు, కిటికీ, అంతే. ఒకసారి స్త్రీల కూటం మూడు గంటలకన్నారు. మధ్యాహ్నం పోతే గుడికి తాళం వేసి ఉంది, పొద్దుననే అయిపోయిందట. కావాలనే తప్పు చెప్పారేమో అనిపించింది, మళ్ళీ పోలేదు. రెండున్నర నెలల్లో బిడ్డకు రెండో కాన్పు. "పరాయోళ్ళకు సేవ చేసే తీరిక ఉంది గానీ కన్నబిడ్డకు లేదు" అని మా వియ్యపురాలు నలుగురిలో అంటోందట. పెన్షన్ పైసలు అక్కడ పెడుతున్నామని కొడుకు ఫోన్లు తగ్గించాడు. రాత్రులు నిద్ర లేదు. బాత్రూంలో నల్లా తిప్పి ఏడుస్తాను. సారుతో ఒకసారి అంటే, "పిలుపు అందుకున్నాక వెనక్కి చూడకూడదు" అన్నారు. నా విశ్వాసం సన్నగిల్లిందా? ఇంటికి వెళ్ళిపోనా?

జవాబు: అమ్మా, ముందు ఆ మూడు గంటల సంగతి చెప్తాను. మిమ్మల్ని ఎవరూ మోసం చేయలేదు. స్వాహిలీ మాట్లాడేవాళ్ళు గంటలను పొద్దు పొడిచినప్పటి నుంచి లెక్కపెడతారు. మన ఏడు వాళ్ళకు ఒంటిగంట, మన తొమ్మిది వాళ్ళకు మూడు. మన పెద్దలు జాముల లెక్క చెప్పినట్టే అనుకోండి. ఆ రోజు వాళ్ళు మిమ్మల్ని తొమ్మిదింటికి రమ్మన్నారు. రాలేదేమని వాళ్ళూ అనుకొని ఉంటారు. తాళం వేసిన ఆ తలుపు ముందు మీరు ఒక్కరే నిలబడ్డ దృశ్యం నన్ను చాలాసేపు వదల్లేదు. ఏడు నెలలుగా మీకు కలుగుతున్న బాధ చాలావరకు అలాంటిదేనని నా నమ్మకం. మిమ్మల్ని ఎవరూ బయటికి తోయలేదు. లోపలికి తీసుకుపోయేవాళ్ళు మాత్రం లేకపోయారు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. సారు పొద్దున లేవగానే ఆయన కోసం తరగతి గది ఉంది, బోర్డు ఉంది, "సార్" అని పిలిచే పిల్లలున్నారు. ఆయన జీవితం మహబూబ్‌నగర్ నుంచి దొడోమాకు మారినా దాని ఆకారం మారలేదు. మీకు ఇక్కడ కుట్టుమిషన్ ఉండేది, గడపలో కూర్చునే ఆడవాళ్ళు ఉండేవారు, స్త్రీల సమాజం ఉండేది, మాట ఉండేది. అవన్నీ ఒక్కరోజులో పోయాయి. మిగిలింది వంట ఒక్కటే. దాన్ని మీరు విశ్వాసం సన్నగిల్లడం అంటున్నారు, నేను అలా అనను. పని పోయిన మనిషికి ఎవరికైనా ఇలాగే ఉంటుంది.

మన వైపు మిషన్ బంగళాల్లో ఉన్న దొరసానుల కథలు మీరు చిన్నప్పుడు వినే ఉంటారు. నేను పెరిగింది నల్గొండలో. 1890 ప్రాంతంలో రష్యా నుంచి వచ్చిన ఫ్రీసెన్ దంపతులు మిషన్ మొదలుపెట్టిన ఊరు అది. అప్పట్లో సముద్రాలు దాటి వచ్చినవాళ్ళు మొదటి ఏడాది, రెండేళ్ళు మున్షీని, అంటే భాష నేర్పే పంతులును, పెట్టుకొని తెలుగు నేర్చుకోవడమే పనిగా పెట్టుకునేవారు. దాన్ని ఎవరూ ఖాళీగా కూర్చోవడం అనలేదు, సేవలో మొదటి మెట్టు అనుకున్నారు. మీకు 18 నెలలే ఇచ్చారు, మున్షీని ఇవ్వలేదు. పంపినవాళ్ళు సారు పని గురించి ఆలోచించినంతగా మీ పని గురించి ఆలోచించలేదని నాకనిపిస్తోంది. వాళ్ళకు ఈ మాట మీరే రాయాలి. సారు రాయడం వేరు, మీరు రాయడం వేరు.

భాష విషయంలో భయపడకండి. స్వాహిలీ మాటలు దాదాపు అన్నీ తెలుగులాగే అచ్చుతో ముగుస్తాయి, మన నోటికి తొందరగా పడతాయి. చాయ్‌ని చాయ్ అనే, చపాతీని చపాతి అనే అంటారు. అక్కడ ఆడవాళ్ళను మొదటి సంతానం పేరుతో ఫలానావాళ్ళ అమ్మ అని పిలుస్తారు, మన ఊళ్ళలో పిలిచినట్టే. మీ మొదటి సంతానం పేరుకు ముందు 'మామా' చేర్చి చెప్పుకోండి, అదే మీ పేరు. చిన్నవాళ్ళు "షికమో" అని వందనం చేస్తే పెద్దవాళ్ళు "మరహాబా" అంటారు. మీ వయసుకు ఆ దేశంలో ఎంతో మర్యాద ఉంది. అది అందుకోవడానికైనా గడప దాటాలి కదమ్మా. వారానికి మూడు రోజులు, రోజుకో గంట చెప్పే అమ్మాయిని ఆ సంఘంలోనే చూసుకోండి, నెలకు కొంత ఇవ్వండి.

కుట్టుమిషన్ ఒకటి కొనండి. దీన్ని ఖర్చుగా లెక్కేయకండి. అక్కడ ఆడవాళ్ళు కట్టే కాంగా బట్టల మీద సామెతలు అచ్చువేసి ఉంటాయి, చూసే ఉంటారు. ఇద్దరు ముగ్గురు అమ్మాయిలను ఇంటికి పిలిచి ఆ బట్టతోనే కుట్టడం నేర్పించండి. బట్ట మీది సామెత వాళ్ళు మీకు చదివి చెప్తారు, మడత ఎలా వేయాలో మీరు చేత్తో చూపిస్తారు. కుట్టు నేర్పడానికి వ్యాకరణం అక్కర్లేదు.

ఇక బిడ్డ కాన్పు. మీ ఉత్తరంలో వియ్యపురాలి మాట ఉంది, కొడుకు మాట ఉంది, సారు మాట ఉంది. బిడ్డ మాట ఒక్కటీ లేదు. అడిగారా? "నేను రావాలని ఉందా బిడ్డా, నిజం చెప్పు" అని ఇవాళే అడగండి. మీ దగ్గర సాయంత్రం అయిదున్నరైతే ఇక్కడ రాత్రి ఎనిమిది, పెద్ద మనవడు పడుకునే వేళ, ఆమెకు కాస్త తీరిక దొరికే వేళ. రెండో కాన్పుకు అమ్మ రాకపోయినా పర్వాలేదనే బిడ్డలున్నారు. పైకి అలా చెప్పి లోపల ఎదురుచూసేవాళ్ళూ ఉన్నారు. గొంతు వింటే మీకు తెలిసిపోతుంది.

ఆమె రమ్మంటే వెళ్ళండి. ఇది నా స్పష్టమైన అభిప్రాయం. కాన్పుకు రెండు వారాల ముందు వచ్చి, ఇరవై ఒకటో రోజు తొట్టెల చూసి, ఇంకో వారం ఉండి తిరిగి వెళ్ళండి. రానూ పోనూ టికెట్లు ఒకేసారి తీయించండి. వీసా, పర్మిట్ నియమాల ప్రకారం మధ్యలో దేశం దాటి రావచ్చో లేదో, మీ మిషన్‌లో సెలవు పద్ధతి ఏమిటో ముందే కనుక్కోండి. 2024 నుంచి దొడోమాకు దారెస్సలాం నుంచి కొత్త రైలు నడుస్తోంది, విమానం దాకా ఆ ప్రయాణం మునుపటంత కష్టం కాదు. బయల్దేరే ముందే భాష, కుట్టు మొదలుపెట్టండి. మీ కోసం అక్కడ నలుగురు ఎదురుచూస్తుంటే తిరిగి వెళ్ళాలని మీకే అనిపిస్తుంది.

ఒకవేళ అనిపించకపోతే? అప్పుడూ మీరు ఓడిపోయినట్టు కాదు. మన ఎం.బి. (మెనొనైట్ బ్రెదరెన్) సంఘాల చరిత్రలోనే ఉంది చూడండి. 1899లో అమెరికా నుంచి వచ్చిన ఎన్.ఎన్. హీబర్ట్ దంపతులు ఆరోగ్యం దెబ్బతిని 1901లోనే వెనక్కి వెళ్ళిపోయారు. వెళ్ళాక ఆయన చాలా ఏళ్ళు మిషన్ బోర్డు కార్యదర్శిగా ఉండి ఇంటి నుంచే ఈ పనిని నడిపించారు. వాళ్ళు పారిపోయారని మన సంఘంలో ఎవరైనా అనగా విన్నారా?

వియ్యపురాలి మాటకు జవాబు వెతకొద్దు. మన పాలమూరులో పనికి ముంబై, పుణె పోయేది పిల్లలు, మనవళ్ళతో ఇంట్లో ఉండేది ముసలివాళ్ళు. తరాలుగా అదే చూశాం. మీ ఇంట్లో అది తలకిందులైంది, అందుకే జనానికి మింగుడుపడటం లేదు. కొడుకు కోపం మాత్రం పైసల గురించేనని నేను అనుకోను. "మా నాన్న రిటైరైతే మా దగ్గర ఉంటాడు" అని అతను ఏళ్ళుగా అనుకొని ఉండొచ్చు. పెన్షన్ ఎంత వస్తోంది, ఎంత ఖర్చవుతోంది, మీ ఇద్దరి మందులకు, ఆస్పత్రికి ఎంత పక్కన పెట్టారు అన్నది అతనికి దాచకుండా చెప్పండి. తర్వాత "మేం పోయినందుకు నీకు బాధైందా నాన్నా?" అని అడిగి, సమర్థించుకోకుండా వినండి. ఈ మాట సారు అడిగితే ఇంకా మంచిది.

ఈ కింది మాటలు సారుకు వినిపించండి.

సార్, నమస్కారం. మీరు మంచి పని చేస్తున్నారు. కానీ ఉద్యోగం ఉన్నన్నాళ్ళు మీరు బడిలో, అమ్మ ఇంట్లో, మధ్యలో చుట్టాలు, సంఘం, వీధి ఉండేవి. ఇప్పుడు ఆమెకు రోజంతటిలో మాట్లాడే మనిషి మీరొక్కరే. ఆ ఒక్కరూ "వెనక్కి చూడకూడదు" అంటే ఆమెకు నల్లా చప్పుడే మిగిలింది. పిలుపు గురించి మీరు చెప్పింది తప్పని నేను అనడం లేదు. ఆమె అడిగింది పిలుపు గురించి కాదు, నొప్పి గురించి. రోజూ సాయంత్రం చాయ్ తాగేటప్పుడు అరగంట, బడి సంగతులు పక్కన పెట్టి ఆమె చెప్పేది వినండి. సలహా వద్దు, ప్రార్థనా అప్పుడే వద్దు, ముందు వినండి. వారానికి రెండు రోజులు వంట మీరు చేయండి. ఆమె కాన్పుకు వెళ్ళే అయిదారు వారాలకు అది ఎలాగూ అవసరమే.

అమ్మా, ఇంకొక్కటి. నిద్ర లేకపోవడం, రోజూ ఏడవడం రెండు వారాలకు మించి ఉంటే డాక్టరుకు చెప్పాల్సిందే. అది మామూలు బెంగ కాకపోవచ్చు, డిప్రెషన్ కావచ్చు, దానికి మందు ఉంది, చికిత్స ఉంది. మీ వయసులో బీపీ, షుగర్, థైరాయిడ్ కూడా ఒకసారి చూపించుకోవాలి. ఇక్కడి డాక్టరుతో తెలుగులో వీడియో కాల్‌లో మాట్లాడినా సరే, వచ్చే వారం దాటనివ్వొద్దు. బతకాలని లేదనే ఆలోచన ఎప్పుడైనా వస్తే మాత్రం ఆ క్షణమే సారును నిద్రలేపండి.

వచ్చే కూటం ఎప్పుడో కనుక్కోండి. వాళ్ళు ఎన్ని గంటలంటే దానికి ఆరు కలుపుకొని, సారును కాసేపు బడికి సెలవు పెట్టించి, ఇద్దరూ కలిసి వెళ్ళండి.