తలకి బ్యాండ్ పెడితే లీడర్ ఎవరో తెలుస్తుందా?

ప్రశ్న: మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మేనేజర్ అందరి ముందూ కేకలేస్తే ఆ రోజంతా బుర్ర పనిచెయ్యదు. ఈమధ్య ట్రైనింగ్‌కి వచ్చినాయన తలకి ఈఈజీ బ్యాండ్ (మెదడు విద్యుత్ సంకేతాల్ని కొలిచే పట్టీ) పెట్టి, లీడర్ లక్షణాలు ఎవరిలో ఉన్నాయో చెప్పేస్తామన్నారు. నమ్మొచ్చా అండీ?
– ఒక పాఠకురాలు, కొండాపూర్

జవాబు: మీ బుర్ర పనిచెయ్యకపోవడం బలహీనత కాదమ్మా. మన చేతిలో లేని టెన్షన్ మీద పడినప్పుడు, ఆలోచించి నిర్ణయాలు తీసుకునే ప్రీఫ్రంటల్ కార్టెక్స్, అంటే నుదుటి వెనక భాగం, పట్టు తప్పుతుందని అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో ఎమీ ఆర్న్‌స్టెన్ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి చేసిన పరిశోధనల్లో తేలింది. నలుగురిలో చిన్నబోవడం గురించి కూడా ఒక ప్రయోగం ఉంది. 2003లో ఐసెన్‌బర్గర్ అనే పరిశోధకురాలి బృందం 13 మందిని మెదడు స్కానర్‌లో పడుకోబెట్టి కంప్యూటర్‌లో బంతి ఆట ఆడించి, మధ్యలో వాళ్లకి బంతి రాకుండా పక్కన పెట్టేస్తే, ఒంటి నొప్పి బాధతో సంబంధమున్న యాంటీరియర్ సింగ్యులేట్ అనే మెదడు భాగం చురుకైంది.

అయితే ఇదే భాగం తప్పు చేసినప్పుడూ, తికమక పడినప్పుడూ చురుకవుతుంది కాబట్టి, అది వెలిగింది గనక ఈ మనిషి బాధపడుతున్నాడు అని వెనక నుంచి లెక్క కట్టకూడదు. ఇలాంటి లెక్కల మీద 2006లో పోల్డ్రాక్ అనే మెదడు శాస్త్రవేత్త గట్టిగా హెచ్చరించారు. ఇక బ్యాండ్ సంగతి. అది పట్టేది తల పైకి వచ్చే సన్నటి విద్యుత్ సంకేతాల్ని, అందులో కనురెప్పల కదలిక, నుదుటి కండరాల బిగువు కూడా కలిసిపోతాయి. దాన్ని చూసి ఎవరు లీడరో చెప్పలేరు, నమ్మకండి. ఆ రీడింగులు ఎవరి దగ్గరుంటాయో, అప్రైజల్‌లో వాడతారో లేదో హెచ్‌ఆర్‌ని రాతపూర్వకంగా అడగండి, జవాబు వచ్చేదాకా బ్యాండ్ పెట్టుకోవద్దు. మేనేజర్‌తో మాత్రం విడిగా మాట్లాడండి, తప్పుంటే నలుగురిలో కాకుండా పిలిచి చెప్పమనండి.